లోతు: ఎనిమిది అడుగులు

స్కూల్ బోర్డు మీటింగుల్లో మినిట్స్ రాయడం నా పని.
పంతొమ్మిదేళ్లుగా రాస్తున్నాను.
ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు,
ఎన్ని చేతులు లేచాయి. అంతే.
ఏడ్చినవాళ్లను రాయకూడదు.
నిట్టూర్పులకు గడి లేదు.

ఆ మంగళవారం అజెండాలో ఆరో అంశం:
జాతివివక్ష చరిత్రను ప్రభుత్వ బడులన్నిట్లో
తప్పనిసరిగా చెప్పాలా, వద్దా.
ఐదో అంశం బస్సు టైర్లు.
టైర్లకు నలభై నిమిషాలు పట్టింది.

ముందు మెర్ల్ స్టాన్‌ఫిల్ లేచాడు.
మంచివాడే. మా చర్చి కప్పు కారితే
వానలోనే నిచ్చెన మోసుకొచ్చినవాడు.
"ఎప్పుడో ఎవరో చేసినదానికి
ఎనిమిదేళ్ల మా పాప
రాత్రంతా నిద్ర మానుకోవాలా?" అన్నాడు.
చప్పట్లు.
చప్పట్లు కూడా రాయకూడదు.

తర్వాత ఒజెల్లా ప్రూయిట్. డెబ్భై ఒకటి.
ముప్పై రెండేళ్లు మా బడి వంటగదిలో చేసింది;
నా పళ్లెంలో ఇంకో గరిటె బఠాణీలు
అడక్కుండానే వేసిన చెయ్యి.
మైకు ఆమెకంటే ఎత్తుగా ఉంది. ఎవరూ వంచలేదు.
గోడమీద ఎర్ర అంకెలు
మూడు నిమిషాల నుంచి కిందికి దిగడం మొదలుపెట్టాయి.

సంచీలోంచి ఒక నీలం పెంకు తీసింది.
అరచేతంత. దానిమీద తెల్లగా ఎనిమిది.
"నా మనవడు జవారిస్ దీన్ని
మీ పార్కింగ్ అంచున ఏరుకొచ్చాడు.
ఏంటిది నానమ్మా? అన్నాడు.
లోతు నాన్నా, అన్నాను.
దేని లోతు? అన్నాడు."

కాసేపు ఆగింది.
అంకెలు ఆగలేదు.

"మీరంతా కార్లు పెట్టుకున్నచోట ఈతకొలను ఉండేది.
ఎండాకాలమంతా కంచె పట్టుకుని
లోపలి నీళ్ల చప్పుడు వినేవాళ్లం.
మమ్మల్నీ రానివ్వాలని జూన్‌లో కోర్టు చెప్పింది.
జులైలో లారీలొచ్చాయి.
నీళ్లు తోడేదాకా కూడా ఆగలేదు,
నీళ్లమీదే మట్టి పోశారు.
మాతో పంచుకోవడం కంటే
తమ పిల్లలకీ లేకుండా చేసుకోవడం నయమనుకున్నారు.
పిల్లలకు బాధ తెలియకూడదంటున్నారు కదా,
నాకప్పుడు పదకొండు.
మా తమ్ముడికి, మెర్ల్, నీ కూతురి వయసే.
కొలను లేదు గనక వాడు ఏటికి పోయాడు..."

గంట మోగింది.
పెంకును రుమాల్లో చుట్టుకుని
ఆమె వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

మా హాల్లో ఒక ఫోటో ఉంది.
లారీ బంపరు మీద కాలుపెట్టి తాతయ్య, ఇరవై ఆరేళ్లవాడు.
"ఆ మట్టి తోలిన డబ్బులతోనే
మనింటికి ఫ్రిజ్ వచ్చింది" అని
అమ్మమ్మ మురిసిపోతూ చెప్పేది.
ఏ మట్టి, ఎక్కడికి తోలాడు?
నేను అడగలేదు.
తేదీలన్నీ బట్టీపట్టించిన బడిలో
అడగడం మాత్రం ఎవరూ నేర్పలేదు.
ఆ ఫ్రిజ్‌లోని చల్లటి పాలు తాగి పెరిగాను.

నాలుగు చేతులు లేచాయి.
మూడు బల్లమీదే ఉండిపోయాయి.
తీర్మానం నెగ్గింది,
వచ్చే ఏడాది నుంచి, నిధులను బట్టి.
నిధులను బట్టి అన్న మాట దగ్గర
కలం కాసేపు కదల్లేదు. రాశాను.

అందరూ వెళ్లాక బయటికొచ్చాను.
దీపస్తంభం కింద తారు మెరుస్తోంది.
ఎన్నేళ్లుగానో అదే చోట పెడుతున్నాను కారు.
తాళంచెవి పట్టుకుని అంచుదాకా నడిచి చూశాను.
పెంకు ఊడిన గుంట కనిపించింది.
నాది లోతైన వైపు.

ఇంటికొచ్చి మినిట్స్ తెరిచాను.
ఒక పౌరురాలు ప్రసంగించారు, మూడు నిమిషాలు:
రాసి, కొట్టేశాను.
ఆమె అన్నది అన్నట్టు రాయడం మొదలుపెట్టాను,
నిబంధనలు నాకు తెలుసు.
తమ్ముడి దగ్గర ఆగిపోయాను.
పేరు తెలియదు.
పొద్దున్నే ఫోన్ చేసి అడగాలి,
ఒక్కో అక్షరం చెప్పించుకోవాలి.
పేర్లు తప్పుల్లేకుండా రాయడం కూడా
నా పనే.